మత్తు ఎవరి కోసం?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అనంతపురానికో బెంగళూరుకో పరుగెత్తుతాం. 2020, 2021లో కరోనా వచ్చినప్పుడు ధర్మవరం దగ్గరి బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి ఎందరినో ఆదుకుంది. అప్పటినుండి వెంటిలేటర్ అనే మాట ఇంటింటికీ తెలిసింది. ఐ.సి.యు. తలుపు ఇవతల నిలబడ్డ బిడ్డలది ఒకటే ప్రశ్న: మా నాన్నకు మత్తిచ్చి తెలివి లేకుండా చేయడం న్యాయమేనా? మరికొందరిది ఎదురు ప్రశ్న: బాధ తెలియకుండా పూర్తిగా నిద్రలోనే ఉంచరాదా?

రెండూ ప్రేమతో అడిగేవే. అయితే ప్రేమకు వివేకం తోడు కావాలి.

గొంతులో గొట్టం ఉన్నవారికి దగ్గు, భయం, ఊపిరాడని బాధ ఉంటాయి. దానిని తగ్గించడం కరుణ. 1957 ఫిబ్రవరిలో 12వ భక్తినాథ పోపుగారు మత్తు వైద్యులతో మాట్లాడుతూ, నొప్పి తీర్చడానికి మత్తుమందు వాడవచ్చునని బోధించారు. కాని గట్టి కారణం లేకుండా, మరణానికి చేరువైనవారి తెలివిని తీసివేయరాదని హెచ్చరించారు. తెలివి దేవుని వరం. దానితోనే మనిషి ప్రార్థిస్తాడు, క్షమిస్తాడు, ఆలుబిడ్డలకు చివరి మాట చెబుతాడు.

వైద్యశాస్త్రం కూడా అనుభవం మీద ఈ దారికే వచ్చింది. 2000లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, రోజుకొకసారి మత్తు ఆపి లేపి చూసిన రోగులు మిషన్ నుండి త్వరగా బయటపడ్డారు. మెలకువను +4 నుండి –5 వరకు అంకెలతో కొలిచే పద్ధతి ఉంది. సున్న అంటే ప్రశాంతంగా మేలుకొని ఉండడం. –5 అంటే తట్టినా పలకకపోవడం. చాలామందికి తేలిక మత్తు చాలు. కండరాలు కదలకుండా మందు ఇచ్చినవారికి మాత్రం గాఢమైన మత్తు తప్పదు. ఎందుకంటే ఆ మందు కదలికనే ఆపుతుంది గాని బాధను ఆపదు.

కనుక అసలు ప్రశ్న, మత్తు ఎవరి కోసం అన్నది. రోగి బాధ తీరడానికైతే అది వైద్యం. చూసుకునేవారి సౌకర్యానికైతే అది మందుతో కట్టివేయడం. తెర మీది అంకెలు గుండెను, ఊపిరిని చూపుతాయి. ముడిపడిన నుదుటిని, కంటి కొసన నీటిని చూడవలసింది మనిషే.

కుటుంబాలకు ఒక మాట. ఎంత మత్తు, ఎందుకు, ఎప్పుడు తగ్గిస్తారని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. రోగిని పేరుపెట్టి, వరుసపెట్టి పిలవండి, చేయి పట్టుకోండి. మంచం పక్కన ఖర్చుల లెక్కలు, ఆస్తి తగాదాలు వద్దు. వీలైతే గొట్టం వేయకముందే, పాపసంకీర్తనం చేసుకోగల తెలివి ఉండగానే, గురువును పిలిపించండి. ఆలస్యమైనా వెనుకాడకండి, స్పృహ లేని విశ్వాసికి కూడా వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వవచ్చును.