మడత గాలం

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి డాలస్ ఎయిర్‌పోర్టుకి బయల్దేరి, గురువారం రాత్రి ఇంటికి చేరే జాతి ఒకటుంది. నేనూ ఆ జాతివాణ్ణే. మధ్యలో కోవిడ్ పుణ్యమా అని ఇంట్లో కూర్చున్న రెండేళ్ళు తీసేస్తే పదకొండేళ్ళుగా ఇదే వరస. చాలాకాలంగా క్లయింటు ఉన్నది ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూల. విమానం ఎక్కితే గంట ప్రయాణం. నా చేతిపెట్టెలో నాలుగు చొక్కాలు, ల్యాప్‌టాప్ చార్జరు, మా ఆవిడ కట్టిచ్చిన కందిపొడి పొట్లం, వాటి పక్కన పాత సాక్సులో దూర్చిన గాలపు కర్ర ఒకటి ఉంటాయి. ముడిస్తే పద్ధెనిమిది అంగుళాలు, సాగదీస్తే ఏడడుగులు.

"ఇంట్లో అక్వేరియం కడగమంటే మటుకు మీకు టైముండదు" అంటుంది మా ఆవిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను రాయాలనుకుంటున్నది జవాబు లేని ఇంకో మాట గురించి.

సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదుల్తారు. హోటల్ గదిలో టీవీ, కింద లాబీలో పాచిపోయిన కాఫీ. కారు తీస్తే పది నిమిషాల్లో చెరువు. ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళు కలిస్తే ఆ హోటల్ లాబీలోనే గ్రీన్ కార్డు కబుర్లు మొదలవుతాయి, పదింటి దాకా తెమలవు. వాటిని తప్పించుకోవడానికే నేను గాలం మొదలుపెట్టానని ఒప్పుకుంటే మిత్రులు ఏమీ అనుకోరనే నమ్మకం.

మడతపెట్టే కర్రలు రెండు రకాలు. నాలుగైదు ముక్కలుగా విడదీసి మళ్ళీ బిగించుకునేవి ఒకటి, పాత రేడియో ఏరియల్‌లా ఒకదాంట్లో ఒకటి దూరిపోయేవి ఇంకోటి. మొదటి రకం వంపు బాగుంటుంది, ఒంటిముక్క కర్రకి దగ్గరగా ఉంటుంది. కాకపోతే దాని గొట్టం నా చేతిపెట్టెలో పట్టదు. రెండో రకం ఎంత పొట్టిగా ముడుచుకుంటే అన్ని ఎక్కువ ముక్కలు, అన్ని ఎక్కువ అతుకులు. బలహీనత అంతా అతుకుల దగ్గరే. తాడు వెళ్ళే రింగులు కూడా ముక్క చివర్లలోనే ఉంటాయి కాబట్టి బరువు కర్రంతా సమంగా పరుచుకోదు. దీన్ని విప్పేటప్పుడు సన్న కొస నుంచి మొదలుపెట్టి, రింగులు ఒక వరసలోకి వచ్చేలా కొద్దిగా మెలిపెట్టి బిగించాలి. ముడిచేటప్పుడు లావు మొదలు నుంచి. సినిమాలో హీరో కత్తి దూసినట్టు ఒక్క విసురు విసిరితే అతుకులు బిగుసుకుపోయి మళ్ళీ ముడుచుకోవు. నా మొదటి కర్ర అలాగే పోయింది. ఇసకలో పెట్టి, కడక్కుండా ముడిచి, ఒకనాడు విసురుగా విప్పాను. దాన్ని ఏడడుగుల పొడుగున విమానం ఎక్కించలేక హోటల్ చెత్తకుండీ పక్కన నిలబెట్టి వచ్చేశాను.

ఎయిర్‌పోర్టులో కర్రకి అభ్యంతరం చెప్పరు. పెద్ద గాలాల్లాంటి పదునైనవి మాత్రం చుట్టి లగేజీలో వేసుకోమంటారు. నేను లగేజీ వెయ్యను కాబట్టి గాలాలు అక్కడే కొనుక్కుంటాను. అలాగే బయటి రాష్ట్రం వాడికిచ్చే లైసెన్సు కూడా.

ఇంతా చేసి, పట్టిన చేపని ఏం చేస్తాను? హోటల్ గదిలో ఉన్నది మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్. కత్తిపీట లేదు, పొయ్యి లేదు. అందుకని ప్రతి చేపనీ తిరిగి నీళ్ళలో వదిలేస్తాను. చాలా ఏళ్ళు అది నా మంచితనం అనుకున్నాను. అది మంచితనం కాదు, వంటింటి లేమి అని తెలియడానికి మా నాన్నగారు రావాల్సి వచ్చింది.

2018 వేసవిలో అమ్మా నాన్నగారూ వచ్చి ఆర్నెల్లు మా దగ్గర ఉన్నారు. నాన్నగారు పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక శనివారం ఆయన్ని లూయిస్‌విల్ చెరువుకి తీసుకెళ్ళాను. నా మడత కర్రని ఆయన ముచ్చటగా చూశారు. విప్పమన్నారు, ముడవమన్నారు, మళ్ళీ విప్పమన్నారు. "ఇది గొడుగు చేసేవాడు చేసుంటాడ్రా" అన్నారు. గంట లోపలే మంచి వైట్ బాస్ ఒకటి పడింది, జానెడున్నర. గాలం తీసి, తడిచేత్తో పట్టుకుని, ఫోనులో ఫొటో తీయించుకుని, వంగి నెమ్మదిగా నీళ్ళలో వదిలాను. ఆ వంగడంలో కొంచెం ఆయన చూస్తున్నారన్న స్పృహ కూడా ఉంది.

"అదేంట్రా, వదిలేసేవ్?"

"ఇక్కడ చాలామంది అంతే నాన్నగారూ. పట్టి వదిలేస్తారు. చావదు కదా."

ఆయన కాసేపు నీళ్ళకేసి చూసి, "తినవు. మరి దాన్నెందుకు పట్టేవు?" అన్నారు. కోపం లేదు. క్లాసులో వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగినట్టు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. "సరదాకి" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన నాకు గాలం నేర్పింది మా ఊరి కాలవ గట్టు మీద. వెదురు కర్ర, నైలాను దారం, బెండుకి జొన్న దంటు లోపలి గుజ్జో నెమలి ఈక కాడో. పెంటకుప్ప పక్కన తవ్వి తీసిన ఎర్రలు కొబ్బరిచిప్పలో. సాయంత్రం పూట కూర్చుంటే ఓ నాలుగు జెల్లలు, అదృష్టం బాగుంటే కొర్రమీను. ఇంటికి సరిపడా పడగానే ఇంకా వెలుతురున్నా ఆయన కర్ర చుట్టేసేవారు. "ఇంకొక్కటి నాన్నగారూ" అని నేను గునిస్తే, "పులుసుకి చాలు, పద" అనేవారు. దానికి ఆయన అహింస అనో, ధర్మం అనో పేరు పెట్టగా నేను వినలేదు. ఆయనకి చేప అంటే పులుసే. పులుసు అవసరం తీరిపోయాక గాలానికి పని లేదు.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నాన్నగారి ప్రశ్నకి ఆధారాలు వెతకడం మొదలుపెట్టాను. చేపకి నొప్పి తెలుస్తుందా? 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త బృందం స్కాట్లండులో ట్రౌట్ చేపల పెదాల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూసింది. అవి తిండి మానేశాయి, ఒళ్ళు అటూ ఇటూ ఊపాయి, ఆమ్లం ఎక్కినవి పెదాల్ని తొట్టి అడుగునున్న గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. దానికి ముందు ఏడే జేమ్స్ రోజ్ అనే ఆయన, మనిషి మెదడులో ఉన్న నియోకార్టెక్స్ చేపకి లేదు కాబట్టి మనం నొప్పి అనుకునే అనుభవం దానికి ఉండదని వాదించాడు. ఈ తగవు ఇంకా తెగలేదు. నేను కొన్నాళ్ళు రోజ్ గారి పక్షాన ఉన్నాను. ఎందుకున్నానని నిజాయితీగా చూసుకుంటే, ఆయన వాదన బలం కన్నా నా సూట్‌కేసులోని కర్ర బలమే ఎక్కువని తేలింది. గులకరాళ్ళకి మూతి రుద్దుకునే చేప ఓసారి కళ్ళముందుకొచ్చాక ఆ పక్షాన ఉండడం కష్టమైంది.

చట్టాలు చూస్తే ఇంకా విచిత్రం. జర్మనీలో వెన్నెముక ఉన్న ప్రాణిని తగిన కారణం లేకుండా బాధపెట్టకూడదు. తినడం తగిన కారణం. వదిలేద్దామనే ఉద్దేశంతోనే పడితే అది చట్టానికి విరుద్ధమని అక్కడి వాళ్ళు అర్థం చెప్పుకుంటారు. స్విట్జర్లాండులో 2009 నుంచి అలాంటి పట్టుడు నిషేధం. అంటే అక్కడ మా నాన్నగారు పెద్దమనిషి, నేను నేరస్థుణ్ణి. టెక్సస్‌కొస్తే పద్నాలుగు అంగుళాల లోపు లార్జ్‌మౌత్ బాస్‌ని వదలకపోతే నేరం. పట్టినవాళ్ళంతా తింటే చెరువులు ఖాళీ అయిపోతాయి, అది నిజమే. పైగా 1950 నాటి చట్టం ప్రకారం అమెరికాలో గాలపు సామాన్ల మీద వేసే పన్ను చేపల సంరక్షణకే పోతుంది. నా కర్ర తాలూకు సొమ్ములోనూ కొంత అలా వెళ్ళే ఉంటుంది. ఈ పాయింటు దొరికిన రోజు నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆ పన్నుతో సమానమైన చెక్కు రాసి పంపేసి చేప జోలికి పోకుండా ఉండొచ్చు కదా అన్న ఆలోచన తెల్లారి పళ్ళు తోముకుంటుంటే వచ్చింది.

2019 జూలైలో, ఆర్కన్సాలోనే, జరిగింది చెప్పాలి. అప్పటికి నా రెండో కర్ర వాడుతున్నాను. అయిదున్నర అడుగులు, కార్బన్‌ది, పుల్లలాంటిది. దానికి సన్నటి నాలుగు పౌండ్ల లైన్. తేలిక కర్రకి చిన్న చేప పడినా పెద్ద చేప పడినట్టుంటుంది, చెయ్యంతా ఝల్లుమంటుంది. అమ్మేవాళ్ళు చెప్పేదీ అదే, నేను కొన్నదీ అందుకే. ఆ సాయంత్రం చెమటలు కక్కే ఎండ. మూడు పౌండ్ల పైనే ఉంటుంది, బాస్ ఒకటి పడింది. గట్టిగా లాగితే కర్ర అతుకు దగ్గర విరుగుతుందేమోనని భయం, లైన్ తెగుతుందేమోనని ఇంకో భయం. అందుకని దాన్ని పరిగెత్తనిచ్చి, లాగి, మళ్ళీ పరిగెత్తనిచ్చి, పావుగంట ఆడించాను. మాటే చూడండి, ఆడించాను. ఒడ్డుకి తెచ్చేసరికి అది పక్కకి ఒరిగిపోయింది. గాలం గొంతులో దిగింది. లైన్ కోసేసి గాలాన్ని లోపలే వదిలెయ్యడం మేలని అప్పటికి తెలియదు, పీకాను. నీళ్ళలో నిలబెట్టి పట్టుకుంటే కొంతసేపటికి తోక ఆడించి లోపలికి వెళ్ళిపోయింది. "హమ్మయ్య" అనుకుని బర్గర్ తిని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అటు నడకకి వెళ్తే ఒడ్డున రెల్లులో తెల్లటి పొట్ట పైకి తేలి ఉంది. అదే చేప అని సాక్ష్యం ఏమీ లేదు. మూతి దగ్గర చిరుగు మటుకు ఉంది.

వేడెక్కిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. అలిసిన చేప కోలుకోవడానికి అదే కావాలి. నా చేతిలో ఝల్లుమన్న ప్రతి నిమిషమూ దాని ఊపిరిలోంచి తీసుకున్నదే. అది తోక ఆడించిందాకా చూసి నేను వెనక్కి తిరిగాను, అంతే. ఆ తర్వాత దాని సంగతి నాకు తెలియదు. తెలియకపోవడాన్నే ఇన్నేళ్ళూ దయ అని పిలుచుకున్నాను. మా కన్సల్టింగులో కూడా ప్రాజెక్టులోంచి మనిషిని తీసేస్తే "రిలీజ్ చేశాం" అంటాం. ఈమెయిలు మర్యాదగానే రాస్తాం. వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఆ మనిషి తర్వాత ఎటు కొట్టుకుపోయాడో రాసినవాడు వెళ్ళి చూడడు. అలాంటివి నేనూ రెండు రాశాను.

ఇప్పుడున్నది మూడో కర్ర. ఫైబర్‌గ్లాస్ కలిసిన రకం, కొంచెం బరువు, రెండో కర్ర కన్నా లావు కొస. మీడియం పవర్ అంటారు. చిన్న చేప పడితే ఏమీ తెలియదు, సరదా సగానికి సగం తగ్గింది. కానీ రెండు నిమిషాల్లో చేప ఒడ్డుకొస్తుంది. లైన్ పది పౌండ్లది. గాలం ముల్లు పటకారుతో నొక్కేస్తాను, సులువుగా వచ్చేస్తుంది. ఎర వేసి కూర్చునేటప్పుడు గుండ్రటి సర్కిల్ గాలం. అది గొంతులో దిగకుండా ఎక్కువగా మూతి మూల తగులుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో కర్ర ఇంట్లోనే. ఎవరైనా ప్రయాణానికి ఏ కర్ర కొనాలని అడిగితే నేనిదే చెప్తాను: ఎంత చిన్నగా ముడుచుకుంటుందని చూడకండి, మీ చెరువులో పడే పెద్ద చేపని భయపడకుండా ఎంత తొందరగా తేగలదో చూడండి.

ఇవన్నీ చేసినా నాన్నగారి ప్రశ్న అక్కడే ఉంది. గాయం చిన్నది చేశాను గానీ, ఎందుకు చేస్తున్నానో చెప్పలేదు. గాలం మానెయ్యొచ్చు. అప్పుడప్పుడూ మానేస్తాను కూడా. మూడు వారాలు గడిచేసరికి లాబీ గుర్తొస్తుంది, కర్ర పెట్టెలో చేరుతుంది. నీళ్ళ పక్కన కూర్చోవడానికి కర్ర అక్కర్లేదు కదా అంటారు కొందరు. అక్కర్లేదు. ఉత్తినే ఒడ్డున కూర్చుని చూశాను. పది నిమిషాల్లో ఫోను తీశాను.

2023 అక్టోబరులో పొయ్యి ఉన్న హోటల్ బుక్ చేశాను. రెండు బర్నర్లు, ఒక పెనం, మొండి కత్తి. ఇంటి నుంచి చింతపండు, కారం, మెంతిపొడి, మట్టు గిన్నె తెచ్చుకున్నాను. మంగళవారం నాడు ఏమీ పడలేదు. బుధవారం చీకటి పడుతుండగా క్యాట్‌ఫిష్ ఒకటి పడింది, రెండు పౌండ్లుంటుంది, మన జెల్లకి పెద్దన్నలా. ఒక్కటి పడగానే కర్ర ముడిచేశాను. ఇంకా వెలుతురుంది. రాయితో దాని తల మీద కొట్టడానికి చెయ్యి రాలేదు, మూడోసారికి వచ్చింది. ఇన్నేళ్ళలో నేను చూసి చంపిన మొదటి చేప అదే. గదంతా పులుసు వాసన, కిటికీ తెరిచి, బాత్‌రూమ్ ఫ్యాను వేసి, అలారం మోగుతుందేమోనని పళ్ళెంతో విసురుతూ వండాను. పులుసు బాగా కుదిరింది. ఫొటో తీసి నాన్నగారికి వాట్సాప్‌లో పెట్టాను.

అక్కడ పొద్దున్నే చూసి వెంటనే ఫోన్ చేశారు. "ఒక్కటేనా పట్టేవు?"

"ఒక్కటే నాన్నగారూ. చాలనిపించింది."

ఆయన సంతోషించారని గొంతులోనే తెలిసింది. "ఇప్పుడంతా తినెయ్యకు. చేపల పులుసు మర్నాటికే రుచి" అన్నారు.

మర్నాడు గురువారం. పొద్దున్న ఏడింటికి మీటింగు, గది ఖాళీ చెయ్యాలి, అట్నుంచటే ఎయిర్‌పోర్టు. పులుసు గిన్నె విమానంలోకి రానివ్వరు. సగం పైనే మిగిలింది. ప్లాస్టిక్ సంచీలో పోసి మూతి కట్టి, కారు తీసే ముందు పార్కింగ్‌లో ఉన్న పెద్ద చెత్తకుండీలో పడేశాను.

ఆదివారం ఫోన్‌లో ఆయన మొదట అడిగింది అదే. "ఏరా, తెల్లారి తిన్నావా? ముక్కకి పులుపు పట్టిందా?"

"తిన్నాను నాన్నగారూ, బాగా పట్టింది" అన్నాను.