కర్ణుడు కోరిన మాట

ఫీజు కట్టేది తండ్రి, నోరు విప్పేది కొడుకు. గంట అయ్యాక తండ్రి లోపలికొచ్చి, “మేడమ్, మావాడు ఏమన్నాడు?” అంటాడు. విజయవాడలో కౌన్సెలింగ్ చేసే ఎవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడైతే నా జవాబు ఒకటే: “బాబునే అడగండి సార్.” ఆయనకి కోపం వస్తుంది. రానివ్వండి. అసలు చిక్కు, ఆ కుర్రాడు ‘చచ్చిపోతాను’ అన్నప్పుడు, లేదా ‘దాన్ని చంపేస్తాను’ అన్నప్పుడు.

నా దగ్గరికొచ్చినవాళ్ల కథలు రాయలేను. పేరూ ఊరూ మార్చినా ఎవరో ఒకరు గుర్తుపడతారు. అందుకని కర్ణుడి సంగతి ఎత్తుకుంటాను. రాయబారం చెడ్డాక కృష్ణుడు అతణ్ణి రథమెక్కించుకుని, నువ్వు కుంతి పెద్దకొడుకువి, వచ్చెయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు. ఒక్కటే కోరతాడు: ఈ సంగతి ధర్మరాజుకి తెలియనివ్వకు, తెలిస్తే రాజ్యం నాకిస్తాడు, నేను దుర్యోధనుడికిస్తాను. కృష్ణుడు చెప్పలేదు. పద్దెనిమిది అక్షౌహిణులు పోయాయి. తర్పణాల వేళ కుంతి బయటపెడితే, ఆడవాళ్ల నోట రహస్యం దాగకూడదని ధర్మరాజు శపించాడు. అదే రహస్యం దాచిన కృష్ణుడికి మాత్రం ఆ శాపం తగల్లేదు!

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1969లో, మన దేశం నుంచి వెళ్లిన ఒక విద్యార్థి, ఒక అమ్మాయిని చంపుతానని తన సైకాలజిస్టుతో అన్నాడు. ఆయన క్యాంపస్ పోలీసులకి చెప్పాడు. వాళ్లు ఆ కుర్రాణ్ణి ప్రశ్నించి వదిలేశారు. అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. అన్నంత పనీ జరిగింది. ఆపదలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవారిదీ అని 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. తరసోఫ్ కేసు అంటారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, గోప్యత రోగి హక్కు అంది. ప్రాణానికి ముప్పున్నా, ఎదుటివారికి హాని జరిగేలా ఉన్నా చెప్పొచ్చంది. అయితే ఎదుటివారిని కాపాడటానికి చెప్పినా, ఆ హాని తప్పించడానికి ఎంత కావాలో అంతే.

ఆ గీత మీదే నేను నడుస్తాను. కుర్రాడి ఎదుటే, అతనికి చెప్పే, వాళ్లమ్మకి ఫోన్ చేస్తాను: ఈ రాత్రి ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు ఉంటే తీసేయండి. ప్రేమించింది ఎవరిని, ఆ పిల్లది ఏ కులం... ఇవి ఆమె ఎంత ఏడ్చినా చెప్పను.

మరి కృష్ణుడు చెప్పాల్సిందా? చెప్తే యుద్ధం ఆగేదో లేదో, ఆ లెక్క తేలదు. నాకు గుచ్చుకునేది వేరే. ఆయన ఆ రహస్యాన్ని ఎరగా వేశాడు, కర్ణుడు పక్షం మారతాడేమోనని. మా పనిలో ఈ ప్రమాదమే ఎక్కువ. పరీక్ష పోతే నాన్న ముఖం ఎలా చూడాలని కుర్రాడు నా దగ్గర వణికాడనుకోండి. ఆ భయాన్నే పట్టుకుని, తండ్రి కోరినట్టు వాణ్ణి మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి ఒప్పించాననుకోండి. ఎవరికీ ఒక్క మాటా చెప్పలేదు, రికార్డు భద్రంగా బీరువాలో ఉంది. వాడు నన్ను నమ్మి చెప్పింది మాత్రం తండ్రి పనికి ఖర్చయిపోయింది. దీన్ని పట్టుకునే సెక్షన్ ఆ చట్టంలో నాకు కనబడలేదు.