ఈర్యాసమితి – అడవి బాట

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన, వనస్థలిపురం ఇళ్లను ఆనుకొని ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటమైదానం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవం దేశమంతటా జరిగిన కాలంలో, 1975లో, ఆ నేల ఆయన పేరిట జింకల రక్షణవనమైంది. తరువాత జాతీయ ఉద్యానవనం హోదా పొందింది. దాదాపు 14.5 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో తుమ్మ, రేగు వంటి ముళ్లచెట్లూ గడ్డినేలలూ కలిసి ఉండే ఈ పొదల అడవికి ముఖ్య నివాసి కృష్ణజింక. ఈ మృగం సహజంగా తిరుగాడే నేలే యజ్ఞానికి తగిన దేశమని మనుస్మృతి ఒక హద్దు గీసింది. యజ్ఞంలో పశువధను నిరాకరించిన తీర్థంకరుని పేరు అదే మృగం బతుకుతున్న చోటికి దక్కడం చరిత్రలో అరుదుగా జరిగే న్యాయం. వేటకోసం కాపాడిన ఆవరణే చివరకు వేట నుంచి కాపాడే ఆవరణ అయింది. ఇప్పుడక్కడ ఎత్తుపల్లాలు పెద్దగా లేని మట్టిబాటల మీద, కొండలెక్కే శక్తి లేని వృద్ధులూ పిల్లలూ కూడా నడవగలరు.

అయితే మహావీరుని సంప్రదాయం దృష్టితో చూస్తే, ఆయన పేరుగల వనంలో కాలక్షేపానికి నడవడం సమ్మతమేనా అన్నది తేలికగా దాటవేయదగిన ప్రశ్న కాదు. జైన గృహస్థులు పాటించే వ్రతాలలో అనర్థదండ విరతి ఒకటి. ప్రయోజనం లేకుండా ఇతర జీవులకు కలిగించే బాధ అనర్థదండం. దానిని మానుకోవడం ఆ వ్రతం. సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారంలో ఈ దోషాన్ని విభజిస్తూ, ప్రమాదచర్య అనే భేదం కింద, అంటే ఏమరుపాటుతో కూడిన నడత కింద, ఊరికే నేల తవ్వడం, నీరు పారబోయడం, చెట్టుకొమ్మలు తుంచడం వంటి వాటితో పాటు పనిలేకుండా తిరగడాన్నీ ఇతరులను తిప్పడాన్నీ చేర్చాడు. ఈ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే ఉదయపు వనవిహారం కూడా దోషాల పట్టికలోనే పడుతుంది. ఆధునిక వ్యాఖ్యాతలు ఇటువంటి చోట నియమం సన్యాసులకే వర్తిస్తుందని సర్దిచెప్పడం కద్దు, కాని రత్నకరండం గృహస్థుల కోసం రాసిన గ్రంథం కనుక ఆ సమాధానం ఇక్కడ చెల్లదు.

ఆరోగ్యం ఒక ప్రయోజనం కదా అనవచ్చు. బౌద్ధులు చంక్రమణం అని పిలిచే నడక, అంటే ఒక నిర్ణీత స్థలంలో ఇటునుంచి అటు ధ్యానపూర్వకంగా నడవడం, ఐదు మేళ్లు చేస్తుందని అంగుత్తర నికాయం చెప్పింది: దూరప్రయాణాలకు ఓర్పు, సాధనకు ఓర్పు, ఆరోగ్యం, తిన్నది అరగడం, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాకాలం నిలవడం. ఈ ఐదూ నిజమైన మేళ్లే, కాని వీటిలో ఏ ఒక్కటీ అడవిని కోరదు. ఇంటి మేడమీద నడిచినా అన్నం అరుగుతుంది. ప్రాణులతో నిండిన చోట కాలు మోపవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది కాబట్టి, జవాబును హింస అనే భావన నిర్వచనంలోనే వెదకాలి.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రకారం ప్రమత్తయోగం వల్ల ప్రాణాలను వియోగపరచడం హింస. యోగం అంటే మనోవాక్కాయాల వ్యాపారం, ప్రమత్తయోగం అంటే ఏమరుపాటుతో కూడిన వ్యాపారం. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ భావాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లి, ఎదుటి జీవి చచ్చినా బతికినా జాగ్రత్త లేనివానికి హింసాదోషం తప్పదనీ, సమితులను పాటిస్తూ జాగరూకుడై మెలిగేవానికి కేవలం జరిగిన హింస వల్ల కర్మబంధం కలగదనీ నిశ్చయించాడు. అనంతపురం జిల్లాలోని కొనకొండ్ల ఆయన స్వస్థలమని ఒక సంప్రదాయం ఉంది. అక్కడి గుట్ట మీది జైన శిల్పాలను చూసినవారికి ఈ చర్చ ఎక్కడో గంగాతీరంలో పుట్టి అక్కడే ఆగినది కాదని తెలుస్తుంది. కుందకుందుని నిర్ణయంలో ఊరటా ఉంది, హెచ్చరికా ఉంది. ఏ చీమనూ తొక్కకుండా ఇల్లు చేరినవాడు కూడా, చూసి నడవలేదు గనుక, హింసకుడే అవుతాడు. అదృష్టం అహింస కాదు.

చూసి నడవడానికి జైన శాస్త్రం పెట్టిన పేరు ఈర్యాసమితి. సమితి అంటే జాగ్రత్తతో కూడిన ప్రవర్తన. మునులకు విధించిన ఐదు సమితులలో ఇది మొదటిది, మాట, భిక్ష, వస్తువులను తీసిపెట్టడం, మలవిసర్జన మిగిలిన నాలుగింటికి విషయాలు. పగటి వెలుగులోనే నడవాలి, ఒక కాడి పొడవు మేర ముందున్న నేలను చూస్తూ నడవాలి, విత్తనాలనూ పచ్చికనూ నీటినీ తడిమట్టినీ తప్పించుకోవాలి అని దశవైకాలిక సూత్రం భిక్షకు బయలుదేరిన మునికి నిర్దేశిస్తుంది. ఉత్తరాధ్యయన సూత్రం ఇంకా కఠినమైనది: నడిచేటప్పుడు ఇంద్రియవిషయాలనే కాక ఐదు విధాల స్వాధ్యాయాన్ని, అంటే శాస్త్రపఠనాన్ని కూడా పక్కన పెట్టి, నడకే తానై నడవమంటుంది. శాస్త్రచింతనే మునికి ప్రాణమైనప్పుడు దానిని సైతం అడుగు ముందు రెండవ స్థానానికి దించిన ఈ నియమం ఎంత గంభీరమైనదో, చెవిలో పాట, చేతిలో ఫోను లేనిదే బాట పట్టని కాలానికి వేరే చెప్పనక్కరలేదు.

ఈర్యాసమితిలో బాట గురించిన ఒక వివరం ప్రత్యేకంగా గమనించదగినది. ముని నడవదగిన దారి ప్రాసుకమై ఉండాలని మూలాచారం అంటుంది. ప్రాసుకం అంటే ప్రాణులు తొలగిపోయినది. మనుషులూ పశువులూ బండ్లూ తిరిగి నలిగిన దారి, ఎండ తగిలి ఎండిన దారి ప్రాసుకం. కొత్త దారి తీయడం సాహసం కాదు, దోషం. అడవులలో మనిషి కాలినడక ప్రభావాన్ని పరిశీలించిన పర్యావరణ శాస్త్రవేత్తలు వేరే మార్గంలో ఇదే తీర్మానానికి చేరుకున్నారు. తొక్కని నేల మీద పడిన మొదటి కొద్ది అడుగులే మొక్కలకూ పైమట్టికీ ఎక్కువ చేటు చేస్తాయి, ఒకసారి గట్టిపడిన నేల మీద ఆ తరువాత పడే ఎన్నో అడుగుల వల్ల కలిగే అదనపు నష్టం స్వల్పం, కాబట్టి సందర్శకులను అడవంతా చెదరనివ్వకుండా ఒకే బాట మీద ఉంచడం మేలు అన్నది వారి వివరణ. గట్టిపడిన బాటలో గింజ మొలకెత్తదు, వాన ఇంకదు. ఆ సన్నని చార అడవి మిగతా నేలకోసం వదులుకున్న భాగం. దానిని సహజమైన అడవిగా భావించి మురిసిపోవడం కన్నా, మనుషుల కోసం జరిగిన త్యాగంగా గుర్తించడం సత్యానికి దగ్గర.

ఇక్కడే గృహస్థుల దేశవ్రతం అనే మరొక నియమం ప్రసక్తిలోకి వస్తుంది. దిక్కులలో తాను ఎంతదూరం పోవచ్చునో జీవితాంతానికి హద్దు పెట్టుకోవడం దిగ్వ్రతం. ఆ హద్దును మళ్లీ ఒక పూటకో ఒక దినానికో కుదించి, ఈ వీధి దాటను, ఈ తోట దాటను అని నియమించుకోవడం దేశవ్రతం. తత్త్వార్థసూత్రానికి సర్వార్థసిద్ధి అనే వ్యాఖ్య రాసిన పూజ్యపాదుడు ఈ సందర్భంలో చెప్పిన మాట అపురూపమైనది. గృహస్థుడు అణువ్రతి, అంటే అహింసాదులను పరిమితంగా పాటించేవాడు, ముని మహావ్రతి, అంటే సంపూర్ణంగా పాటించేవాడు. అయినా తాను పెట్టుకున్న హద్దుకు అవతల గృహస్థుడు ఏ హింసా చేయడు కనుక, ఆ మేరకు అతనికి మహావ్రతమే సిద్ధిస్తుంది. బాట దిగరాదన్న ఉద్యానవన నియమాన్ని ఈ వెలుగులో చూస్తే అది అటవీశాఖ బోర్డు మీది నిషేధంగా మాత్రమే మిగలదు. రెండడుగుల వెడల్పున్న బాట మీద నడిచేవాడు సామాన్యుడే కావచ్చు. బాట అంచుకు అవతల ఉన్న వందల ఎకరాల విషయంలో, ఆ పూటకు, అతడు ముని. సమంతభద్రుని ఆక్షేపణకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. నడకకు అర్థం సమకూర్చేది ఆరోగ్యం కాదు, ఆనందం కూడా కాదు. తాను పోగలిగిన చోటికి పోకుండా ఉండడాన్ని అభ్యసించడానికి, ప్రాణులు నిండుగా ఉండే చోటి కన్నా తగిన స్థలం లేదు. మేడమీద నడిచేవానికి పిట్టగోడే హద్దు కాబట్టి అతడు వ్రతం పట్టవలసిన పని లేదు. అడవి బాటకు గోడ ఉండదు, రేగుపండు చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

బాట సులువుగా ఉండడం లోపమా అన్న శంక కూడా దీనితో తీరుతుంది. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి తిరుమల చేరే భక్తునికి శ్రమే మొక్కుబడి. చెమట పట్టని నడకకు పుణ్యం ఎక్కడిదని అడగడం తెలుగునాట సహజం. మహావీరుని నడక కూడా కష్టమయమే: పన్నెండేళ్లకు పైగా సాగిన ఆ సంచారంలో, లాఢ దేశంలో ఆయన మీదికి కుక్కలను ఉసిగొల్పారని ఆచారాంగ సూత్రం వర్ణిస్తుంది. కాని ఆ సూత్రమే, మనిషి పొడవు మేర నేల మీద చూపు నిలిపి ఆయన నడిచాడని కూడా చెబుతుంది. కుక్కల బాధ ఇతరులు పెట్టినది, చూపు మాత్రం ఆయన పెట్టుకున్నది, అనుసరించదగినది రెండవది. ఆయాసం లేని దారిలో శ్రద్ధ తప్పడానికి సాకు దొరకదు. అణువ్రతం మహావ్రతానికి వెక్కిరింత కానట్టే, సులభమైన బాట కఠినసంచారానికి నకలు కాదు. గృహస్థుని శక్తికి సరిపోయే చోట అదే శీలం.

చూపు నేల మీదే ఉంటే జింకను చూసేది ఎప్పుడన్న సందేహానికి శాస్త్రం ఇచ్చే జవాబు ఆచరణయోగ్యమైనది: నియమం నడకకు గాని నిలబడడానికి కాదు. చూడదలచినవాడు ఆగాలి. ఆగినవాని ముందు కృష్ణజింకల మంద కాసేపు మేత మేస్తుంది. నడుస్తూ మెడ తిప్పి చూసేవానికి దూరాన వాటి వెనుకభాగం దొరికితే అదే ఎక్కువ.

ఇంతమాత్రాన ఉద్యానవనం జైనధర్మానికి ప్రతిరూపమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతులనూ వాటి సంఖ్యనూ కాపాడుతుంది. జైన శాస్త్రానికి జాతి లెక్క కాదు, ప్రతి జీవమూ లెక్కే. కృష్ణజింక బయలు నేలల ప్రాణి, పొదలు మరీ దట్టమైతే దానికి చోటు తగ్గుతుంది కనుక, దాని బాగు కోరే అధికారి కొన్ని మొక్కలను తొలగించవలసి రావచ్చు; వృక్షజీవులకు స్పర్శేంద్రియం ఒక్కటే ఉన్నా అవి జీవులేనని నమ్మే ముని ఆ కత్తి పట్టడు. ఈ రెండు దృష్టులూ ఒక్కటి కావు, ఒక్కటి చేయబూనడం రెండింటికీ అన్యాయం. అవి కలిసేది బాట మీద నడిచేవాని పాదం దగ్గర మాత్రమే, అదేమీ చిన్న చోటు కాదు.

శ్వేతాంబరులు సామాయికం అనే సమభావ సాధనకు ముందు, రాకపోకలలో తెలిసీ తెలియక నొప్పించిన జీవులను తలచుకొని క్షమాపణ చెప్పుకొంటారు; విత్తనాలు, పచ్చిక, మంచు, చీమలపుట్టలు, నాచు, తడిమట్టి, సాలెగూళ్లు ఆ పాఠంలో వరుసగా వస్తాయి. ఈ జాబితాలో అధికభాగం వానకాలానికి చెందినది. అందుకే జైన మునులు చాతుర్మాస్యంలో, అంటే వానల నాలుగు నెలలు, సంచారం మాని ఒకేచోట ఉంటారు. తొలకరికి తెలంగాణ నేలల మీద ఎర్రని ఆరుద్ర పురుగులు తేలే రోజులలో వేసవిలో ప్రాసుకంగా ఉన్న బాట కూడా ప్రాసుకం కాకుండా పోతుంది. నల్లమల పులుల అభయారణ్యాలలో వానకాలంలో సందర్శనను నిలిపివేసే పద్ధతి ఇప్పటికే ఉంది. సమంతభద్రుడు తిరగడాన్నే కాక తిప్పడాన్నీ దోషంగా పేర్కొన్నాడు గనుక, బాటలు వేసి టికెట్లు అమ్మి జనాన్ని నడిపించే వ్యవస్థకూ ఈ వ్రతంలో వాటా ఉంది; మహావీరుని పేరు పెట్టుకున్న వనంలోనైనా, ఆరుద్ర కార్తెతో మొదలై వానలు వెనుదిరిగే దాకా, లోపలి బాటలను మూసి ఉంచడం ఆ పేరుకు తగిన పని.