అంకె చెప్పేది, అంకె చెప్పలేనిది

పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, మా బిడ్డ బాగుంటాడా?" దీనికి అంకెలతో బదులు చెప్పజూచే పరీక్ష ఒకటున్నది. దానిని మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. యం.ఆర్.ఐ. యంత్రంలోనే, కత్తిగాని సూదిగాని తగలకుండ, మెదడులోని రసాయనాలను కొలుస్తారు. ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్ తగ్గితే నరాల కణాలు దెబ్బతిన్నాయని, లాక్టేట్ పెరిగితే వాటికి ప్రాణవాయువు చాలలేదని గ్రహిస్తారు. బ్రిటన్, అమెరికాలలో 223 మంది శిశువులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ళ వయస్సుకు బిడ్డ ఎలా ఉండేదీ ఈ కొలత చాలవరకు సరిగానే సూచించింది.

అంకె బాగులేదని తెలియగానే, "ఇంత కష్టపడి బ్రతికించడం ఎందుకు?" అనే మాట వస్తుంది. అనేవారు దుర్మార్గులు కారు. తరచుగా అది అమ్మమ్మో, మేనమామో, బాలింత మీది జాలితో అనే మాటే.

అసాధారణ సాధనాలు వాడి తీరవలసిన బాధ్యత లేదని పన్నెండవ పయస్ జగద్గురువులు 1957లోనే వైద్యులకు చెప్పారు. కనుక శ్వాసయంత్రం బిడ్డకు మేలు చేయక బాధనే పొడిగిస్తున్నదని తేలితే దానిని ఆపుట హత్య కాదు. ఆ నిర్ణయానికి అంకె సాయపడవచ్చును. కాని "ఈ చికిత్స వృథా" అనుట వేరు, "ఈ బిడ్డ వృథా" అనుట వేరు. నడవలేడు, మాట ఆలస్యమవుతుంది అన్న కారణంతో పాలు మానిపించేవారు రెండవ మాటే అంటున్నారు. పైగా, అంకెను చూచి చికిత్స మానితే బిడ్డ చనిపోతాడు. అప్పుడు అంకే నిజమైనదని చెప్పుకుంటాము!

ఈ విద్య మొదట్లో చేసిన మేలు కూడ మరువరాదు. 1980లలో లండన్ వైద్యులు ఇటువంటి శిశువుల మెదడులో శక్తినిచ్చే భాస్వరపు పదార్థాలను కొలిచారు. పుట్టిన కొన్ని గంటలు అవి బాగానే ఉండి, తరువాత పడిపోవుట చూచారు. అంటే కాపాడుటకు కొంత వ్యవధి ఉన్నదన్న మాట. బిడ్డ శరీరాన్ని 72 గంటలు చల్లబరచే చికిత్స ఆ ఎరుకతో బలపడినదే. అయితే మన దేశంలోను, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోను జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో అదే చికిత్స మేలు చేయలేదు, మరణాలు పెరిగాయి. ఒకచోట సరిపోయినది మరొకచోట సరిపోలేదు.

అందుచేత అంకె చేతికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు వైద్యుని నిదానంగా అడగవచ్చును: అయ్యా, ఇది ఏ బిడ్డలను చూచి తేల్చిన లెక్క? మా వాడికి నొప్పి తెలుస్తున్నదా? ఇంటికి తీసికొనిపోతే పాలు ఎలా పట్టాలి?