సమాధి పైన మిగిలిన మనిషి

మొన్న మా మేనత్తతో కడప జిల్లా కందిమల్లాయపల్లెకు, బ్రహ్మంగారి మఠానికి వెళ్ళాను. స్వామి 1693లో సజీవ సమాధిలోకి దిగారంటారు. పువ్వులకని బనగానపల్లె వెళ్ళిన సిద్ధయ్య తిరిగొచ్చి ఏడిస్తే లోపలినుంచి పలికారని కథ.

అందరూ సమాధికి దణ్ణం పెడుతుంటే నాకు పైన మిగిలిపోయిన గోవిందమ్మగారు గుర్తొచ్చారు. తనకు చావు లేదనీ, పసుపు కుంకుమలు తీయవద్దనీ స్వామి ఆమెకు చెప్పారట. పక్కనే అత్తయ్య, బోసి నుదుటితో. మామయ్య పోయిన పదోనాడు ఆ బొట్టు చెరిపింది మనవాళ్ళే కదా!

భర్త కంటికి కనబడని దుఃఖం ఇద్దరిదీ ఒక్కటే. గోవిందమ్మగారి బొట్టు నిలిపింది ఒక్క మాట. ఆ మాట అనడానికి మనం స్వాములమే కావాలా, మీరే చెప్పండి?

బయటికొచ్చి కుంకుమ పొట్లం కొని అత్తయ్య చేతిలో పెట్టాను. "నాకెందుకే ఇది?" అంది. కానీ తిరిగి ఇవ్వలేదు.