ఒడ్డింది ఎవరి సొమ్ము?

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం దారుల్లో కార్మికులు మొదటి షిఫ్టు బస్సు కోసం ఎదురుచూసే వేళకు టొరంటోలో రాత్రి ఐస్ హాకీ ఆట మొదలవుతుంది. అక్కడ రాత్రి ఏడంటే చలికాలంలో మనకు తెల్లవారుజాము ఐదున్నర. ఐస్ హాకీ మైదానాన్ని ఎన్నడూ చూడనివాడు కూడా అదే బస్టాపులో నిలబడి, చేతిలోని ఫోన్‌తో ఆ ఆట మీద పందెం కాయగలడు. క్రికెట్ లేని రోజున బెట్టింగ్ యాప్‌లు చూపించే ఆటల్లో అదీ ఒకటి.

పందెం కాసేముందు చూసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. ఆ రాత్రి గోల్ కాచేది ఎవరు? జట్టు నిన్న రాత్రి మరో ఊళ్లో ఆడి ప్రయాణం చేసి వచ్చిందా? సొంత మైదానమా, పరాయి మైదానమా? ఎవరు గాయపడ్డారు? ఎదుటి జట్టులో ఒకరు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు ఆ అదను ఎంతవరకు వాడుకుంటున్నారు? ఇవన్నీ నిజంగానే ఫలితాన్ని మార్చే సంగతులు. అయితే ఈ ఆటలో రెండు జట్లూ కలిపి వేసే గోల్స్ సాధారణంగా ఆరు, ఏడు. సుమారు 170 గ్రాముల రబ్బరు బిళ్ల ఎవరి కర్రకో, కాలి కవచానికో తగిలి దారి తప్పితే చాలు, చదివిన లెక్కంతా తారుమారవుతుంది.

లెక్క తప్పకపోయినా బుకీ వాటా తప్పదు. సమవుజ్జీల మధ్య పందెంలో బుకీ మామూలుగా 110 రూపాయలు ఒడ్డించుకుని, గెలిస్తే 100 లాభం ఇస్తాడు. అంటే వందకు 52 కంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్పగలిగినవాడికే అసలు నిలుస్తుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదశాల అధ్యక్షుడు గెలిచిన సొమ్ములో నూటికి ఐదు తీసుకుంటాడు. సుమారు రెండువేల ఏళ్లు గడిచినా పద్ధతి పెద్దగా మారలేదు.

ఇంత చదివి కాసేది జూదమా, విద్యా? సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా చెప్పింది. అప్పటి నుంచి వాదమంతా జూదానికీ నైపుణ్యానికీ మధ్య గీత చుట్టూనే తిరిగింది. 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకు నైపుణ్యం పేరిట మినహాయింపు లేకుండా చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది.

మన ఇతిహాసాలు ఈ గీతను ఏనాడో చూశాయి. నన్నయ తెలుగు చేసిన మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు తానిచెట్టును ఒక్కసారి చూసి ఆకులెన్నో కాయలెన్నో చెబుతాడు. ఆ కాయలే ఆనాటి పాచికలు. లెక్కించే విద్యతో పాటు పాచికల రహస్యమైన అక్షహృదయమూ అతనికి తెలుసు. దాన్ని నేర్చుకున్న నలుడు జూదంలో పోయిన రాజ్యం ఒక్క పందెంతో తిరిగి గెలిచి, ఓడిన తమ్ముడు పుష్కరుణ్ణి క్షమించి, అతని ఆస్తి అతనికే వదిలేస్తాడు. విద్య గొప్పదే. ఆ కథ దాన్ని పోయినది తెచ్చుకోవడానికి వాడింది తప్ప మరో పందానికి వాడలేదు.

అసలు ప్రశ్న నైపుణ్యం గురించి కాదు. సభాపర్వంలో ఆ ప్రశ్న వేసింది ద్రౌపది. ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని ఆమె దుర్యోధనుడి దూత ప్రాతికామిని అడిగి రమ్మంది. పాచికలు ఎలా పడ్డాయని ఆమె అడగలేదు. ఒడ్డినవాడికి ఒడ్డే హక్కు ఉందా అని అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమంటూ తేల్చి చెప్పలేకపోయాడు. శకుని మోసాన్ని పక్కన పెట్టినా, యుధిష్ఠిరుడు అక్షవిద్యలో ఆరితేరినవాడే అనుకున్నా, ఆ ప్రశ్న అలాగే నిలుస్తుంది. ఋగ్వేదం పదో మండలంలోని జూదరి సూక్తం కూడా పాచికల లోగుట్టు చెప్పదు. ఇంట్లో భార్య పడే బాధనూ, అప్పులనూ చూపించి, జూదం మాని పొలం దున్నుకొమ్మంటుంది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఒడిశా నుంచో, బీహార్ నుంచో వచ్చి ఇరుకు గదిలో నలుగురితో సర్దుకునేవాడి జీతంలో సగం అప్పటికే ఊళ్లో తల్లిది, పిల్లల ఫీజుది, అప్పిచ్చినవాడిది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొంది. ఇక్కడ జీతం ఏ ప్రమాదం పక్కన నిలబడి సంపాదించేదో ఆ రోజు అందరికీ తెలిసింది. అలాంటి సొమ్మును గోల్ కాచేవాడి ఫామ్ చూసి ఒడ్డడం, ఎంత బాగా చదివి ఒడ్డినా, తనది కానిది ఒడ్డడమే. ఓడినప్పుడే కాదు, గెలిచినప్పుడు కూడా అది తప్పే.

పందెం మానలేక సతమతమవుతున్నవారు, వారి ఇంట్లోవారు టెలీమానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చేమీ ఉండదు.