కలలో కాటేసిన పాము, తెర మీద కూలిన విమానం

1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ పైలట్లను ఒక చిక్కు వేధించింది. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే దాని మెర్లిన్ ఇంజన్ కార్బురేటర్‌లో పెట్రోలు పైకి ఎగదన్ని, ఇంజన్ కొన్ని క్షణాలు మూగబోయేది. ఎదుటి జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109లో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉంది కనుక అది తడబడకుండా కిందికి దూకి తప్పించుకునేది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు ఇంధనం వచ్చే దారిలో చిన్న చిల్లున్న లోహపు బిళ్ల అమర్చి ఈ బాధను చాలావరకు తగ్గించింది. 2011లో వచ్చిన ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్‌లో ఆనాటి స్పిట్‌ఫైర్ ముక్కు అలాగే వంచితే, అక్కడా ఇంజన్ మూగబోతుంది. యంత్రం గుణంతో పాటు దోషాన్ని కూడా ఇంత శ్రద్ధగా పట్టుకున్న అనుకరణను బొమ్మాట అని తోసిపారేయడం తగదు. మరి తెర మీద ఎగిరే ఆ స్పిట్‌ఫైర్ కూడా స్పిట్‌ఫైరేనా? కాదంటే, అందులో లేనిదేమిటి?

లోహం లేదని చప్పున చెప్పేయవచ్చు. ఆ జవాబు ఎంతోసేపు నిలవదు. ఇరవై వేలకు పైగా తయారైన స్పిట్‌ఫైర్లలో ఇప్పుడు ఎగురుతున్నవి కొన్ని పదులే. వాటిలో చాలావాటిని శిథిలాల నుంచి పునర్నిర్మించారు. రేకులు కొత్తవి, రివెట్లు కొత్తవి, తీగలు కొత్తవి. పాతదనానికి ఆధారం కొన్ని భాగాలూ, ఒక నంబరు పలకా. మిళిందరాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు రథాన్ని చూపి అడిగిన ప్రశ్న ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఏదీ కాదు, వాటి కూడికకు మనం పెట్టుకున్న పేరు రథం. స్పిట్‌ఫైర్ కూడా అటువంటి పేరే అయితే, ఆ కూడిక ఎలా నడుచుకుంటుందో తు.చ. తప్పకుండా చూపే సిమ్యులేటర్‌కు ఆ పేరు ఎందుకు చెల్లకూడదు? మ్యూజియం కప్పుకు వేలాడే అసలు విమానంలో పెట్రోలు ఉండదు, ఇంజన్ తిరగదు. దాని నడక తెలియాలంటే సిమ్యులేటరే మేలని ఒప్పుకోవాలి.

ఈ చిక్కును విప్పడానికి శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యంలో ఒక దారి ఉంది. అసత్యం నుంచి సత్యం ఎలా పుడుతుందన్న ఆక్షేపణకు బదులిస్తూ ఆయన కలనే ఉదాహరణగా తీసుకున్నారు. కలలో పాము కాటేయడం, నీళ్లలో స్నానం చేయడం మెలకువ రాగానే అబద్ధమైపోతాయి. వాటివల్ల కలిగిన ఎరుక మాత్రం అబద్ధం కాదు. సిమ్యులేటర్‌ను తూచడానికి ఇంతకంటే మంచి తూనిక నాకు కనిపించలేదు. అందులో కలిగే ఎరుక నిజమైనది. 1929లో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ యంత్రం నేల మీదే కదులుతూ, బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను నమ్ముకుని ఎగరడం నేర్పింది. రెండో ప్రపంచయుద్ధపు పైలట్లు ఎందరో అందులోనే అది నేర్చుకుని నిజమైన మబ్బుల్లో బతికారు. కనుక సిమ్యులేటర్‌తో లోకానికి పనిలేదనే వాదం తప్పు. కానీ భాష్యం ఒప్పుకున్నది ఎరుకనే, కాటును కాదు. తెర మీద విమానం కూలినప్పుడు ఒక మీట నొక్కితే మళ్లీ రన్‌వే మీద ఉంటాం. కూలడం రద్దయింది, నేర్చుకున్నది మిగిలింది. నిజమైన విమానంలో చేసిన పని ఏ మెలకువతోనూ రద్దు కాదు. అనుకరణలో లేనిది లోహం కాదు, తిరుగులేనితనం. మన పెద్దలు దీన్నే కర్మ అన్నారు.

దీనికి గట్టి ఎదురువాదమే ఉంది. వేల అడుగుల ఎత్తు నుంచి రాత్రివేళ బాంబులు వదిలినవాడు కూడా కింద కొన్ని వెలుగులే చూశాడు; అతనికీ అది తెర మీది ఆట వంటిదే కదా, అనుభవంలో తేడా లేనప్పుడు సత్యంలో తేడా ఏమిటి అని. ఇది కర్తను ఒక్కణ్నే చూసే వాదం. పైనున్నవాడి కంటికి వెలుగులే ఆనినా, కింద ఇల్లు కాలింది. కర్మకు సాక్షి కర్త అనుభవం కాదు, దాన్ని భరించినవాడి బతుకు. తెర మీద భరించేవాడు ఎవరూ లేరు. ఇంకొందరు గీతను ముందుకు తెస్తారు: ఫలం ఆశించకుండా చేసేదే ఉత్తమ కర్మ అయితే, ఫలమే లేని ఈ ఆట దానికి నమూనా కాదా? కాదు. గీత వదలమన్నది ఫలం మీది ఆశను. ఫలం ఉండదని అది ఎక్కడా చెప్పలేదు. అర్జునుడు విల్లు జారవిడిచింది ఎదురుగా తాత, గురువు, అన్నదమ్ములు పేరుపేరునా కనబడ్డందుకే. బాణం వదిలాక వాళ్లు తిరిగి లేవరని అతనికి తెలుసు. ఆ బరువు మోస్తూ ఆశను వదలడం సాధన. బరువే లేనిచోట వదలడానికి ఏముంది?

అందుకే పాత యుద్ధవిమానం పక్కన సిమ్యులేటర్‌ను నిలబెట్టి ‘అచ్చం అదే’ అంటే నాకు అభ్యంతరం. విమానం ఎలా ఎగిరిందో అది చెబుతుంది, చాలా బాగా చెబుతుంది. యుద్ధం ఎలా ఉంటుందో మాత్రం చెప్పదు. నాలుగు నెలల బ్రిటన్ గగనయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు ఫైటర్ కమాండ్ తరఫున ఎగిరిన దాదాపు 3,000 మందిలో 544 మంది చనిపోయారు. ఆ యుద్ధంలో పోరాడిన స్క్వాడ్రన్లలో ఒకదాని పేరులో మన ఊరుంది: 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరానికి దగ్గరున్న వార్మ్‌వెల్ నుంచి ఆ స్పిట్‌ఫైర్లు సముద్రం మీదికి ఎగిరేవి. అలా వెళ్లిన డగ్లస్ షెప్లీ 1940 ఆగస్టు 12న తిరిగి రాలేదు. దేహం దొరకలేదు. అతని పేరు రనీమీడ్ స్మారకం గోడ మీద, సమాధి లేని మరో ఇరవై వేల మంది వైమానికుల పేర్లతో పాటు చెక్కి ఉంది.